ముజిరిస్ ఎక్కడికి పోయింది?

వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఒక వింత పటం ఉంది. రోమన్ సామ్రాజ్యపు రహదారులను చూపే పటానికి మధ్యయుగాల్లో ఎవరో తోలు మీద తీసిన నకలు అది. పొడవు ఏడు మీటర్లకు కాస్త తక్కువ, ఎత్తు మూరెడైనా లేదు. అంత సన్నటి పట్టీలోకి ప్రపంచాన్నంతా ఇరికించారు కాబట్టి దేశాలన్నీ అడ్డంగా సాగిపోయి కనిపిస్తాయి. కుడి కొసన, ఇక తోలు అయిపోతుందనగా, భారతదేశం వస్తుంది. అక్కడ ఒక సరస్సు, దాని దగ్గర ముజిరిస్ అన్న పేరు, పక్కనే చిన్న గుడి బొమ్మ. అది అగస్టస్ ఆలయమని లాటిన్‌లో రాసి ఉంది.

మలబారు తీరాన రోమ్ చక్రవర్తికి గుడి ఉందంటే, రోమ్ ఏలుబడిలోని మనుషులు అక్కడికి వచ్చిపోవడమే కాదు, కొందరైనా కాపురం ఉండి ఉండాలి. పరాయి దేశంలో తమకంటూ గుడి కట్టుకునేంతమంది ఉన్న రేవు చిన్నదై ఉండదు. మరి ఆ ఊరేది? కేరళ పటంలో ముజిరిస్ అన్న ఊరు లేదు. శిథిలమైన గుడి లేదు, పాలరాతి స్తంభం లేదు, లాటిన్ శాసనం ముక్కయినా లేదు.

ఈ ముడి విప్పడానికి చరిత్రకారులకు చాలా కాలం పట్టింది. వాళ్లు నడిచిన దారిలోనే ఇవాళ మనమూ నడవవచ్చు. కొచ్చికి ఉత్తరాన, పెరియార్ నది సముద్రంలో కలిసేచోట, ఎర్నాకుళం త్రిశూర్ జిల్లాలు కలిసే ప్రాంతంలో కేరళ ప్రభుత్వం ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు చేపట్టింది. పాత కోటలు, రాజవంశీకుల ఇళ్లు, యూదుల ప్రార్థనా మందిరాలైన సినగాగులు బాగుచేసి కొన్నిటిని మ్యూజియాలుగా మార్చింది. కొన్ని చోట్ల కాలినడకన, కొన్ని చోట్ల పడవలో తిరగాలి. వెళ్లినవాళ్లలో చాలామంది గుడి, మసీదు, చర్చి, సినగాగ్ ఒకే రోజులో చూసి, మతసామరస్యాన్ని మెచ్చుకుని తిరిగొస్తారు. ఆ మెచ్చుకోలులో తప్పు లేదు. కానీ ఇన్ని జాతులవాళ్లు ఈ ఒక్క ఏటి ముఖానికే ఎందుకు చేరారన్న ప్రశ్న అడగకుండా వచ్చేస్తే చూడాల్సింది సగం మిగిలిపోయినట్టే. నా దృష్టిలో ఈ ప్రశ్నా, ముజిరిస్ ఎక్కడ అన్న ప్రశ్నా ఒకే ముడికి రెండు కొసలు.

రాతలో దొరికిన సాక్షులు

మొదటి సాక్షి పేరు మనకు తెలియదు. క్రీస్తు శకం మొదటి శతాబ్దం నడుమ, ఈజిప్టులో ఉండే గ్రీకు భాషీయుడైన ఒక వ్యాపారి తనలాంటి వ్యాపారుల కోసం ఎర్ర సముద్రం నుంచి భారతదేశం దాకా రేవుల వివరాలు రాసిపెట్టాడు. దాన్ని ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ అంటారు. ఏ రేవులో ఏది అమ్ముడుపోతుంది, ఏది కొనాలి, ఎక్కడ ఇసుక మేటలున్నాయి, ఇదే అతని ధ్యాస. అందుకే అతని మాట నమ్మబుద్ధవుతుంది. ముజిరిస్ చేర రాజుల ఏలుబడిలో ఉందని, నది మీద ఉందని, తిండిస్ అనే రేవుకు 500 స్టేడియాల దూరమని, సముద్రం నుంచి నదిలోకి 20 స్టేడియాలు వెళ్లాలని రాశాడు. ఇప్పటి లెక్కలో మొదటిది దాదాపు 90 కిలోమీటర్లు, రెండోది నాలుగుకు కాస్త తక్కువ. తిండిస్ కూడా కచ్చితంగా ఎక్కడుందో తేలలేదు కాబట్టి 90 కిలోమీటర్ల లెక్క ఎందుకూ కొరగాదు. నాలుగు కిలోమీటర్ల లెక్క మాత్రం పదిలంగా పెట్టుకోవాలి. మనం వెతకాల్సింది సముద్రపు ఒడ్డున కాదు, కాస్త లోపల, ఏటి గట్టున.

రెండో సాక్షి రోమన్ రచయిత ప్లినీ. క్రీస్తు శకం 77 ప్రాంతంలో పూర్తిచేసిన తన బృహద్గ్రంథంలో ఆయన ముజిరిస్‌ను భారతదేశంలో మొట్టమొదట తగిలే వర్తక కేంద్రమన్నాడు. ఎర్ర సముద్రపు మొగ నుంచి నైరుతి గాలి పట్టుకుంటే 40 రోజుల ప్రయాణమన్నాడు. వెంటనే, అక్కడ దిగడం అంత మంచిది కాదని హెచ్చరించాడు. దగ్గర్లో సముద్రపు దొంగలున్నారట. పైగా ఓడలు ఒడ్డుకు చాలా దూరంలో లంగరు వేయాలి, సరుకునంతా చిన్న పడవల్లో చేరవేయాలి. ఇది ప్లినీ ఫిర్యాదు. మనకు మాత్రం ఆధారం. పెద్ద ఓడ లోపలికి రాలేని, చిన్న పడవలు అటూ ఇటూ తిరిగే లోతు తక్కువ నీళ్లున్న చోటు కావాలి.

ప్లినీ పేరైనా వినని ఒక తమిళ కవి ఇదే మాట చెప్పడం నాకు ఈ కథ మొత్తంలో ఎంతో ఇష్టమైన ఘట్టం. సంగం కాలపు పురనానూరులో 343వ పద్యం పరణర్ అనే కవిది. అందులో ముసిరి అన్న తమిళ పేరుతో ఈ రేవు వస్తుంది. ఓడల్లో వచ్చిన బంగారం చిన్న దోనెల మీద ఒడ్డుకు చేరుతుంది, ఇళ్ల దగ్గర మిరియాల బస్తాలు గుట్టలుగా ఉంటాయి. అకనానూరు 149వ పద్యంలో యవనుల ఓడలు బంగారంతో వచ్చి మిరియాలతో వెళ్లడం కనిపిస్తుంది. ఆ పద్యం నది పేరు కూడా చెబుతుంది. చుళ్ళి అనే పెద్ద ఏరు. ఆ ఏరు పెరియారే అన్నది పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. రోమ్‌లో కూర్చున్న అధికారికి పడవల బెడద చికాకు, తమిళ కవికి అదే వైభవం. ఇద్దరూ చూపిస్తున్నది ఒకే రేవును.

నాలుగో సాక్షి చాలా ఆలస్యంగా బయటికొచ్చాడు. 1980లో అదే ఆస్ట్రియా గ్రంథాలయం ఒక చిరిగిన పాపిరస్ ముక్క కొన్నది. 1985లో దాన్ని చదివి ప్రచురించారు. రెండో శతాబ్దం నడుమ రాసిన ఆ పాపిరస్‌కు ఒక వైపు అప్పు తాలూకు ఒప్పందం ఉంది, అందులో ముజిరిస్ పేరుంది. ఎర్ర సముద్రపు రేవులో సరుకు దింపి, ఒంటెల మీద ఎడారి దాటించి, కోప్టోస్‌లో నైలు నది పడవల్లోకెక్కించి అలెగ్జాండ్రియా చేర్చాలని, దారి పొడుగునా సరుకు సీలు కింద కాపలాలో ఉండాలని షరతులు. మన ఊళ్లలో పంట మీద అప్పు పత్రం రాయించుకునే షావుకారు ఎంత జాగ్రత్తగా ఉంటాడో అప్పిచ్చినవాడు అంత జాగ్రత్తగానూ ఉన్నాడు. రెండో వైపు హెర్మపోల్లోన్ అనే ఓడ సరుకు లెక్క. గంగా తీరపు జటామాంసి, ఏనుగు దంతాలు ఉన్నాయి. నాలుగో వంతు సర్కారు సుంకం తీసేశాక మిగిలినదాని విలువే దాదాపు 70 లక్షల సెస్టెర్సులు. రోమ్‌లో సెనేటర్ కావాలంటే ఉండాల్సిన ఆస్తి 10 లక్షలు. ఒక్క ఓడ ఒక్క ప్రయాణంలో ఏడుగురు సెనేటర్ల ఆస్తిని మోసుకొచ్చిందన్నమాట. ఈ పాపిరస్ ముజిరిస్ చోటు చెప్పదు, దాని స్థాయి చెబుతుంది. అంత సొమ్ము చేతులు మారిన చోట గోదాములు ఉండాలి, తూనికలు ఉండాలి, దుబాసీలు ఉండాలి, పగిలి పారేసిన జాడీలు కుప్పలుగా ఉండాలి.

మొదటి అనుమానం

అందరి చూపూ ముందు కొడుంగల్లూరు మీద పడింది. పెరియార్ ముఖద్వారానికి ఉత్తరపు గట్టున ఉన్న పట్టణమది. దానికి బలమైన కారణమే ఉంది. కొచ్చిలోని మట్టాంచేరి పరదేశీ సినగాగ్ వారి దగ్గర రాగిరేకుల శాసనం ఒకటి భద్రంగా ఉంది. క్రీస్తు శకం 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ యూదుల పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కు ఇచ్చినది. భాష తమిళం, లిపి వట్టెళుత్తు. పల్లకీ, గొడుగు, పగటి దీపం, నేల మీద పరిచే తివాచీ, బాకా, డప్పు, ఇలా 72 మర్యాదలు ఆయనకూ ఆయన సంతతికీ దక్కాయి. పన్నుల మినహాయింపు సరేసరి. రాజు ఆ శాసనం ఇచ్చినప్పుడు ముయిరిక్కోడులో ఉన్నాడని అందులో రాసి ఉంది. ముసిరి అన్న పేరు అప్పటికి ఆ రూపంలో బతికే ఉందన్నమాట. చేర రాజుల రాజధాని మహోదయపురం కొడుంగల్లూరే కాబట్టి ముయిరిక్కోడు కూడా అదే అనుకున్నారు.

అయితే మట్టి ఒప్పుకోలేదు. కొడుంగల్లూరులో చేరమాన్ పరంబు అనే చోట, రాజుల కోట ఉండేదని జనం చెప్పుకునే దిబ్బలో, 1945లో ఒకసారి, 1960లలో మళ్లీ తవ్వారు. దొరికినవన్నీ ఎనిమిదో తొమ్మిదో శతాబ్దం నుంచి ఇటువి. రోమన్ల కాలపు సరుకు ఏమీ లేదు.

దాదాపు ఆ రోజుల్లోనే త్రిశూర్ జిల్లా ఎయ్యాల్‌లో రోమన్ బంగారు, వెండి నాణేల నిధి బయటపడింది. రోమన్ నాణేలు దొరికాయి కదా, ఊరు దగ్గర్లోనే ఉందనాలా? అనకూడదు. నాణెం చేతులు మారుతూ ఎక్కడికైనా పోతుంది. మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ కాలపు రోమన్ వెండి నాణేలు పెద్ద ఎత్తున దొరికాయి. సముద్రం అక్కడికి ఎంత దూరమో మనకు తెలుసు. పగిలిన ద్రాక్షసారా జాడీని మాత్రం ఎవరూ మూటగట్టుకుని తీసుకుపోరు. రేవును పట్టివ్వాలంటే బంగారం కన్నా కుండపెంకే గట్టి సాక్ష్యం. తవ్వకాల్లో పనిచేసేవాళ్లు నాణేల కన్నా పెంకుల దగ్గర ఎక్కువసేపు ఎందుకు కూర్చుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తిరుచిరాపల్లి దగ్గర కావేరి ఒడ్డున ముసిరి అనే ఊరొకటి నేటికీ ఉంది. పేరు సరిపోయింది గాని అది సముద్రానికి ఎక్కడో దూరం, కాబట్టి ఆ దారి వదిలేయవచ్చు.

పూసలు దొరికిన ఊరు

పెరియార్‌కు దక్షిణాన, ఉత్తర పరవూరు పక్కన పట్టణం అనే చిన్న పల్లె ఉంది. పేరే పట్టణం, చూస్తే కొబ్బరితోటల నడుమ ఇళ్లు. వానాకాలంలో మట్టి కొట్టుకుపోయినప్పుడు అక్కడి పెరళ్లలో రంగురంగుల గాజుపూసలు, రాతిపూసలు పైకి తేలేవి. పిల్లలు ఏరుకునేవాళ్లు. పునాదులకు తవ్వితే పాత ఇటుకలు తగిలేవి. ఎవరూ దాన్ని పెద్ద విషయమనుకోలేదు.

కె.పి. షాజన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ తీరం రూపురేఖలు ఎలా మారుతూ వచ్చాయో పరిశీలిస్తూ ఇక్కడి పెంకులను గమనించారు. ఆయన వెతికింది ఊరిని కాదు, నదిని. పెరియార్ ఎప్పుడూ ఒకే దారిన పారలేదని, శతాబ్దాల క్రమంలో దాని ప్రధాన పాయ వాయవ్యానికి జరిగిందని, ఒకప్పుడు ఒక పాయ పట్టణం పక్కగా పారేదని ఆయన వాదన. ఇప్పుడు కాలువలా మిగిలిన పెరియార్ తోడు ఆ పాయ గుర్తే అంటారు. ఇక్కడే నాకు ముడి సగం సడలినట్టు అనిపిస్తుంది. పండితులందరూ నేటి నదిని చూసి నిన్నటి రేవును వెతికారు. నది కదిలిందని ఒప్పుకున్నాక వెతకాల్సిన గట్టు మారిపోయింది. సముద్రం నుంచి నాలుగు కిలోమీటర్లన్న పెరిప్లస్ మాట కూడా ఇక్కడ దాదాపుగా సరిపోతుంది.

2004లో వి. సెల్వకుమార్‌తో కలిసి చిన్నపాటి తవ్వకం జరిగింది. 2007 నుంచి కేరళ చరిత్ర పరిశోధన మండలి, పి.జె. చెరియన్ ఆధ్వర్యంలో, ఏటేటా తవ్వుతూ పోయింది. 45 హెక్టార్ల దాకా ఉన్న దిబ్బ అది. పైన జనం కాపురముంటున్నారు కాబట్టి పెరటి మూలలో ఒక గొయ్యి, తోటలో ఒక గొయ్యి అన్నట్టే సాగింది పని.

బయటపడినవి ఒక్కొక్కటీ పాత సాక్షుల మాటకు తలూపుతూ వచ్చాయి. ద్రాక్షసారా, ఆలివ్ నూనె, చేపల పులుసు తెచ్చే అంఫోరా జాడీల పెంకులు వేలల్లో దొరికాయి. వాటిలో చాలా వాటి మట్టిలో నల్లటి రేణువులున్నాయి. అది అగ్నిపర్వతపు ఇసుక. ఇటలీలో వెసూవియస్ చుట్టుపక్కల కంపానియా ప్రాంతపు కుమ్మరులు వాడిన మట్టి. ఆ పెంకును చేతిలోకి తీసుకుంటే అది ఎక్కడ పుట్టిందో దాని నలుపే చెబుతుంది. కోస్, రోడ్స్ ద్వీపాల జాడీలు, ఈజిప్టు జాడీలు కూడా ఉన్నాయి. ఎర్రటి నిగనిగలాడే రోమన్ పళ్లేల ముక్కలు, గట్లు తీసిన గాజు గిన్నెల ముక్కలు ఉన్నాయి. ఇరాన్, ఇరాక్ వైపు నుంచి వచ్చిన నీలిపచ్చ పూత కుండలు, మన తూర్పు తీరపు రేవుల్లో దొరికే చక్రాల గీతల పళ్లేలు కూడా ఉన్నాయి. కృష్ణా ముఖద్వారం వైపున్న మసాలియాలో సన్నటి మల్లు గుడ్డ విరివిగా తయారవుతుందని పెరిప్లస్ రచయిత వేరేచోట రాశాడు. మన తీరమూ, ఈ తీరమూ ఒకే వ్యాపార వలయంలో ఉన్నాయనడానికి ఆ మాటా, ఈ పళ్లేల పెంకులూ జతపడతాయి.

వీటన్నిటికన్నా నన్ను కదిలించేది ఒక దోనె. నీరు ఊరే బురదలో, ఇటుకతో కట్టిన రేవుగట్టు పక్కన, ఆరు మీటర్ల పొడవున ఒంటిమాను దోనె బయటపడింది. అంజిలి చెట్టు మానును తొలిచి చేసినది. పక్కనే పడవలు కట్టేసుకునే టేకు గుంజలు పాతి ఉన్నాయి. బురదలో గాలి తగలక రెండు వేల ఏళ్లు చెక్క పాడవకుండా నిలిచింది. ప్లినీ విసుక్కున్నదీ, పరణర్ పద్యంలోకి ఎక్కించుకున్నదీ ఇలాంటి దోనెలనే. పేరు రాసి ఉన్న రాయి దొరకకపోయినా, ఈ గుంజలు చూశాక ఇది ఊరు కాదు, రేవు అన్న సంగతిలో నాకు సందేహం లేదు.

సముద్రానికి అవతలి ఒడ్డు కూడా సాక్ష్యం చెప్పింది. ఎర్ర సముద్రం మీద ఈజిప్టు వాళ్ల బెరెనికే రేవులో, ఒక ఆలయం నేలలో, భారతీయ తయారీ జాడీ నిండా మిరియాలు దొరికాయి. ఏడున్నర కిలోలు. మొదటి శతాబ్దపు మిరియాలు. అక్కడే ఇక్కడి టేకు దూలాలు, కొబ్బరి చిప్పలు, తమిళ బ్రాహ్మీ లిపిలో గీసిన పేరు కూడా దొరికాయి. ఇటు దిగినవాళ్లు ఇటు, అటు దిగినవాళ్లు అటు తమ గుర్తులు వదిలేసుకున్నారు.

ఒప్పుకోనివారి మాట

పట్టణమే ముజిరిస్ అని అందరూ తీర్మానించేశారనుకోవద్దు. ఎం.జి.ఎస్. నారాయణన్ వంటి పేరున్న చరిత్రకారులు గట్టిగా అడ్డుచెప్పారు. ఊరి పేరున్న శాసనం లేదు, అగస్టస్ గుడి లేదు, పర్యాటకం కోసం తొందరపడి పేరు తగిలిస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరాల సారాంశం. ఆ జాగ్రత్త అవసరమే. సర్కారు బోర్డు మీద రాసినంత మాత్రాన చరిత్ర కాదు.

కానీ అభ్యంతరాన్ని కాస్త తరచి చూస్తే, అది ఒక ఊహ మీద నిలబడి ఉందనిపిస్తుంది. ముజిరిస్ అంటే ప్రహరీ గోడలున్న ఒకే ఒక నగరమన్నది ఆ ఊహ. పెరియార్ ముఖంలో పాయలు, ఉప్పుటేళ్లు, లంకలు, మడ అడవులు కలగలిసి ఉంటాయి. అక్కడ రేవు అంటే ఒక చుక్క కాదు, మొత్తం నీటి ప్రాంతం. ఒక గట్టున సరుకు దించుతారు, ఇంకో గట్టున రాజు సుంకం వసూలు చేసుకుంటాడు, మరో లంకలో విదేశీయులు విడిది చేస్తారు. పటంలో ఆ సరస్సును ఊరి పక్కన అంత పెద్దగా ఎందుకు గీశారో ఇలా చూస్తే అర్థమవుతుంది. పట్టణం ఆ ప్రాంతంలో పనిచేసిన చోటు. కొడుంగల్లూరూ అందులో భాగమే కావచ్చు.

వరద చేసిందెంత?

ఇప్పుడు రెండో ముడి. ఆ ప్రాంతంలో ఎవరినడిగినా 1341లో పెరియార్‌కు మహా వరద వచ్చిందని, ఆ దెబ్బకు ముజిరిస్ రేవు పూడిపోయి, దక్షిణాన కొచ్చి దగ్గర కొత్త మొగ తెరుచుకుందని చెబుతారు. ఆ ఏడే వైపిన్ దీవి పైకి తేలిందంటారు. ఆ సంవత్సరం నుంచి మొదలయ్యే పుదువైప్పు శకం అనే కాలగణన ఒకటి అక్కడ వాడుకలో ఉండేది కాబట్టి భూమి రూపం మారిందన్న జ్ఞాపకం గట్టిదే.

అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పట్టణంలో రోమన్ సరుకు మొదటి రెండు మూడు శతాబ్దాల్లో దండిగా ఉండి, ఆ తర్వాత పలచబడుతుంది. రోమ్ ఆర్థికంగా కుంగిపోయిన కాలం అది. పశ్చిమాసియా కుండలు మాత్రం కొనసాగుతాయి. పదో శతాబ్దం వచ్చేసరికి ఊరే దాదాపు ఖాళీ అవుతుంది. 1341 వరద వచ్చేనాటికి పట్టణం రేవు మూతపడి మూడు వందల ఏళ్లు దాటింది. చచ్చిన రేవును వరద మళ్లీ చంపలేదు.

అప్పుడు చేరమాన్ పరంబు గుర్తుకు తెచ్చుకోవాలి. అక్కడ తవ్వితే ఎనిమిది తొమ్మిది శతాబ్దాల నుంచే ఆనవాళ్లు మొదలయ్యాయని నిరాశపడ్డారు కదా. ఆ నిరాశే ఇప్పుడు ఆధారం. పట్టణం సన్నగిల్లుతున్న కాలంలోనే నది ఉత్తరపు గట్టున కొడుంగల్లూరు లేస్తోంది. నది జరిగింది, దాని వెంట రేవు జరిగింది, రేవు వెంట మనుషులు జరిగారు. 1000 నాటి రాగిరేకుల్లో ముయిరిక్కోడు అన్న పేరు కొడుంగల్లూరుకు అంటుకుని ఉండటం కూడా ఇలా పొసగుతుంది. ఊరు కదిలింది, దానితో పేరూ వెళ్లింది. 1341 తర్వాత ఓడలు కొచ్చి వైపు మళ్లాయి. మనుషులూ మళ్లారు. ముజిరిస్ మునిగిపోలేదు. మెల్లగా దక్షిణగట్టు నుంచి ఉత్తరగట్టుకు, ఆపైన కొచ్చికి మకాం మార్చింది.

వరద మాట కట్టుకథని కొట్టిపారేయడానికి నేను సిద్ధంగా లేను. 2018 ఆగస్టులో పెరియార్ పొంగినప్పుడు పరవూరు, చేందమంగళం ప్రాంతాలు నీట మునిగాయి. చేందమంగళం నేతగాళ్ల మగ్గాలు, ఓనం పండుగకు నేసిపెట్టిన బట్టలు బురదపాలయ్యాయి. ఆ పాడైన బట్టతో చేక్కుట్టి అనే బొమ్మలు చేసి అమ్మి మళ్లీ నిలబడ్డారు. ఆ నది ఏం చేయగలదో ఇప్పటి తరం కళ్లారా చూసింది.

గాలి కోసం ఆగినవాళ్లు

ఇన్ని జాతులు ఇక్కడికే ఎందుకన్న ప్రశ్నకు జవాబు గాలిలో ఉంది. ఈజిప్టు నుంచి ఓడలు జులైలో బయలుదేరి నైరుతి గాలి మీద ఇటు వచ్చేవి. తిరుగు ప్రయాణానికి ఈశాన్య గాలి కావాలి. డిసెంబరులోనో జనవరి మొదట్లోనో గాని తెరచాప ఎత్తలేరు. ఆ నడుమ మూడు నెలలు మనుషులు ఇక్కడే ఉండాలి. ఉండటానికి ఇల్లు కావాలి, పూజకు చోటు కావాలి, చచ్చిపోతే పాతిపెట్టడానికి జాగా కావాలి. కొనుగోళ్లు ముందే చేసిపెట్టే నమ్మకస్తుడు కావాలి, అతడు ఏడాది పొడుగునా ఇక్కడే ఉండాలి. అప్పు ఇచ్చినవాడికి తన మతంవాడే అయిన మధ్యవర్తి మీద గురి ఎక్కువ. ఇలా ఒక్కో జాతివారికి ఒక్కో పేట ఏర్పడింది. రాజుకు సుంకం వస్తుంది, అందుకని పల్లకీలూ గొడుగులూ ఇచ్చి నిలుపుకున్నాడు. దాన్ని సామరస్యం అంటే సామరస్యమే. అయితే అది మిరియం గింజలోంచి, రుతుపవనంలోంచి, అప్పు పత్రంలోంచి మొలిచిన సామరస్యం. అందుకే అంతకాలం నిలిచింది.

849 నాటి కొల్లం రాగిరేకులు ఈ సంగతిని కళ్లకు కడతాయి. ఒక చర్చికి ఇచ్చిన హక్కుల పత్రానికి సాక్షి సంతకాలు మూడు లిపుల్లో ఉన్నాయి. కూఫీ అరబ్బీలో ముస్లింలు, పహ్లవీలో పారశీకులు, హీబ్రూ లిపిలో యూదులు. క్రైస్తవుల ఆస్తి పత్రానికి వీళ్లంతా సాక్షులు.

నడక

ఇవన్నీ తెలిసి నడిస్తే మ్యూజియాలు వేరుగా కనిపిస్తాయి. కొడుంగల్లూరు నుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. నా సలహా అది కాదు. పట్టణంతో మొదలుపెట్టండి. నదిని, కాలాన్ని అనుసరించి కదలండి.

పట్టణం నుంచి పరవూరు దగ్గరే. అక్కడి యూదుల వీధిలో సినగాగ్ ముందు రెండంతస్తుల ద్వారగృహం, దాన్ని దాటాక పొడవాటి వరండా, ఆ చివరన ప్రార్థనా మందిరం. బయటి వీధి సంతకూ లోపలి ప్రార్థనకూ మధ్య అంత దూరం కావాలని వాళ్లు అనుకున్నారేమో. తర్వాత చేందమంగళం. ఇక్కడి పాలియం భవనం కొచ్చి రాజులకు ప్రధానులుగా ఉన్న పాలియత్ అచ్చన్‌లది. దగ్గరదగ్గరే గుడి, చర్చి, మసీదు, సినగాగ్ ఉంటాయి. జెస్యూట్ పాదిరీల పాత సెమినరీ శిథిలాలూ అక్కడివే. సినగాగ్ ఆవరణలోని సమాధి రాయి దగ్గర తప్పక ఆగండి. ఇజ్రాయెల్ అనే ఆయన కూతురు సారా పేర హీబ్రూలో చెక్కిన ఆ రాయి మీద ఉన్న తేదీ 1269 అవుతుంది. భారతదేశంలో దొరికిన హీబ్రూ సమాధి రాళ్లలో ఇంతకన్నా పాతది లేదంటారు. వరదకు 72 ఏళ్ల ముందు, కొడుంగల్లూరు రేవు వెలుగుతున్న రోజుల్లో పోయిన మనిషి ఆమె. ఇక్కడి యూదుల్లో ఎక్కువమంది 1950లలో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. వాళ్ల మందిరాలు ఇప్పుడు మ్యూజియాలు.

అక్కడి నుంచి నది దాటితే కొట్టప్పురం. పోర్చుగీసులు 16వ శతాబ్దంలో కట్టిన కోట, 1660లలో డచ్చివాళ్లు పట్టుకున్నది, ఇప్పుడు గోడల మొదళ్లే ఉన్నాయి. కొడుంగల్లూరులో భగవతి ఆలయం, చేరమాన్ మసీదు. మసీదు 629లో కట్టారని సంప్రదాయం. సెయింట్ థామస్ 52లో ఈ తీరంలోనే దిగాడని క్రైస్తవుల సంప్రదాయం. ఈ రెండు తేదీలనూ చరిత్రకారులు రుజువైనవిగా తీసుకోరు. కానీ రెండు కథలూ ఈ రేవునే ఎంచుకున్నాయి, అది గమనించదగ్గ సంగతి. చివర్న వైపిన్ మీదుగా, పళ్లిప్పురం కోట చూసుకుంటూ, 1341లో పుట్టిందనే ఆ దీవి పొడుగునా దక్షిణానికి వస్తే కొచ్చి. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ సినగాగ్ దగ్గర జోసెఫ్ రబ్బాన్ రాగిరేకుల కథ మళ్లీ కలుస్తుంది. కొడుంగల్లూరులో పుట్టిన ఆ శాసనం కొచ్చిలో ఎందుకుందో అప్పటికి మీకే తెలిసి ఉంటుంది.

అగస్టస్ గుడి మాత్రం ఇంకా దొరకలేదు. పట్టణం దిబ్బలో తవ్వింది చాలా కొద్ది భాగం. మిగతాదంతా జనం ఇళ్ల కింద, తోటల కింద ఉంది. గుడి నిజంగా కట్టారో, పటం గీసినవాడు ఎవరో చెప్పగా విని బొమ్మ వేశాడో తేలాలంటే ఒక లాటిన్ అక్షరమైనా, ఒక గ్రీకు అక్షరమైనా మట్టిలోంచి రావాలి. అప్పటిదాకా తవ్వకం గోతుల దగ్గర ఎవరైనా పెంకు చూపిస్తే దాని మట్టిలో నల్ల రేణువులున్నాయేమో అడిగి చూడండి.